ఎదురుచూపులో ప్రాసెసర్ వాటా ఎంత: విశాఖలో ఒక మధ్యస్థాయి డెస్క్‌టాప్‌ను పరీక్షించిన అనుభవం

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు భద్రతా నవీకరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోతాయని తెలిసినప్పుడే, ఎంవీపీ కాలనీలోని మా ఇంట్లో నేను పని చేసుకునే పాత డెస్క్‌టాప్‌ను మార్చక తప్పదని నిశ్చయించుకున్నాను. అది 2014లో హుద్‌హుద్ తుపాను తరువాత కొన్నది. అందులో ఉన్న ప్రాసెసర్ ఇంటెల్ కోర్ ఐ3-4130: రెండు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), నాలుగు థ్రెడ్లు (ఒకేసారి నడపగల పనుల వరుసలు), 3.4 గిగాహెర్ట్జ్ వేగం. విండోస్ 11 ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి, ఏఎండీలో రైజెన్ 2000 శ్రేణి నుంచి మాత్రమే అధికారికంగా నడుస్తుంది, పైగా టీపీఎం 2.0 అనే భద్రతా భాగం ఉండాలని అడుగుతుంది. నా ఐ3 నాలుగో తరానిది. చిన్న వ్యాపారుల లెక్కలు రాసి, జీఎస్టీ రిటర్నులు దాఖలు చేయడం నా వృత్తి కనుక, పదిమంది వ్యాపారుల కొనుగోళ్లూ అమ్మకాలూ బ్యాంకు వివరాలూ ఉన్న యంత్రాన్ని రక్షణ లేకుండా ఇంటర్నెట్‌కు తగిలించి ఉంచడం నాకు సమ్మతం కాలేదు.

ఏ ప్రాసెసర్ కొనాలని అడిగితే వచ్చే సలహాల్లో చాలా భాగం ఆటల గురించి ఉంటుంది. ఫలానా ఆటలో సెకనుకు ఎన్ని ఫ్రేములు వస్తాయి, ఫలానా డిస్‌ప్లే కార్డుతో ఏది జతకుదురుతుంది అనే పోలికలు నా పనికి ఏమీ చెప్పవు. నేను రోజంతా ట్యాలీప్రైమ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్, ఎక్సెల్, రెండు బ్రౌజర్లు, స్కాన్ చేసిన బిల్లుల పీడీఎఫ్‌లు తెరిచి ఉంచుకుంటాను; సాయంత్రం మా అమ్మాయి అదే యంత్రం మీద వీడియో పాఠాలు వింటుంది. అందువల్ల ఏది వేగవంతమైనదని అడగడం మాని, నేను కుర్చీలో కూర్చుని ఎదురుచూసే సమయంలో ప్రాసెసర్ వల్ల పోయేది ఎంత అన్న ప్రశ్నతో మొదలుపెట్టాను. మిగిలిన నిర్ణయాలన్నీ దాని వెంటే వచ్చాయి.

నెలలో నాకు మూడు తేదీలు ముఖ్యం. 11వ తేదీలోపు జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు), 20వ తేదీలోపు జీఎస్టీఆర్-3బీ (ఆ నెల పన్ను లెక్క) దాఖలు చేయాలి. ఈ రెంటి నడుమ 14న జీఎస్టీఆర్-2బీ తయారవుతుంది. ఆ 2బీలో సరఫరాదారులు చూపించిన బిల్లులకూ, మా వ్యాపారి కొనుగోలు పుస్తకంలోని బిల్లులకూ పొంతన చూడడం అన్నింటికంటే బరువైన పని. పాత యంత్రం మీద అలాంటి ఒక నెల పనిని పూర్తిగా గమనించాలనుకున్నాను. పక్కన ఒక నోటు పుస్తకం పెట్టుకుని, ఎప్పుడెప్పుడు ఆగవలసి వచ్చిందో, ఆగినప్పుడు టాస్క్ మేనేజర్‌లో ఏ గడి నూరు శాతానికి చేరిందో రాసుకుంటూ వచ్చాను. ఇందుకు ప్రత్యేకమైన సాధనమేదీ అవసరం లేదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే వచ్చే తెర చాలు.

ఆ పుస్తకం చూస్తే విషయం స్పష్టమైంది. ఉదయం యంత్రం తెరుచుకునేటప్పుడు, ట్యాలీలో కంపెనీ మార్చేటప్పుడు, పెద్ద పీడీఎఫ్ తెరిచేటప్పుడు ప్రాసెసర్ పావు వంతు కూడా పని చేయడం లేదు; హార్డ్‌డిస్క్ గడి మాత్రం నూరు దగ్గర నిలిచి ఉంది. బ్రౌజర్‌లో ట్యాబులు పెరిగినప్పుడు నిండిపోయింది మెమరీ. నాలుగు జీబీ చాలక, విండోస్ మెమరీలోని సరుకును డిస్క్ మీదకు దించి మళ్లీ ఎక్కించుకుంటోంది కనుక ఆ ఆలస్యం కూడా చివరకు డిస్క్ ఖాతాలోకే వెళుతుంది. గడువు రోజున జీఎస్టీ పోర్టల్‌లో చక్రం తిరుగుతూ ఉన్నప్పుడు ప్రాసెసర్, డిస్క్, మెమరీ మూడూ ఖాళీగానే ఉన్నాయి. ఆ ఆలస్యం అవతలి సర్వర్‌ది, ఓటీపీ సందేశానిది. నేను ఎంత ఖరీదైన ప్రాసెసర్ కొన్నా అది ఒక్క సెకను కూడా తగ్గదు. నిజంగా ప్రాసెసర్ గడి నిండినవి 2బీ పొంతన, నేను రాసుకున్న ఎక్సెల్ మ్యాక్రోలు (ఒకే పనిని దానంతటదే చేసిపెట్టే చిన్న ప్రోగ్రాములు), బరువైన వెబ్ పేజీలు, వీడియోలు మాత్రమే.

ఇక్కడ నేను తీసుకున్న ఒక జాగ్రత్తను వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది కొత్త యంత్రం కొన్నాక పొందే సంతోషం ప్రాసెసర్ వల్ల వచ్చిందో మరొకదాని వల్ల వచ్చిందో వారికే తెలియదు. పాత హార్డ్‌డిస్క్ ఉన్న యంత్రాన్ని, కొత్త ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని, చిప్‌లతో నడిచే వేగమైన నిల్వ) ఉన్న యంత్రంతో పోల్చి, ఆ తేడానంతా ప్రాసెసర్ గొప్పతనంగా లెక్కవేయడం న్యాయం కాదు. అందుకని కొత్తది కొనకముందే పాతదానిలో పాత హార్డ్‌డిస్క్ తీగకే తగిలే ఒక చిన్న సాటా ఎస్‌ఎస్‌డీ వేయించి, మెమరీని ఎనిమిది జీబీకి పెంచి, విండోస్‌ను కొత్తగా ఎక్కించి, అదే పనిని మళ్లీ చేసి చూశాను. పొంతన చూసే ఎక్సెల్ ఫైలును కూడా ముందే సరిచేసి ఉంచాను. సూత్రాల్లో మొత్తం కాలమ్‌ను పేర్కొనే బదులు, నిజంగా సమాచారం ఉన్న వరుసల వరకే పరిధి ఇచ్చాను. సూత్రం చక్కబడడం వల్ల కలిగే లాభాన్ని కూడా ప్రాసెసర్‌కు కట్టబెట్టకూడదు కదా.

ఫలితం ఆశ్చర్యం కలిగించింది. నా పుస్తకంలోని ఆలస్యాల్లో సగానికి పైగా ఈ తక్కువ ఖర్చు పనితోనే పోయాయి. యంత్రం తెరుచుకోవడం, ట్యాలీ కంపెనీ మారడం, ఫైళ్లు వెదకడం ఎంత హాయిగా మారాయంటే, విండోస్ 11 అడ్డంకి లేకపోతే ఈ ఐ3ని ఇంకొంత కాలం వాడుకోమని ఎవరికైనా నిస్సంకోచంగా చెప్పేదాన్ని. మరీ పాతవి కాని యంత్రాలు, అంటే ఎనిమిదో తరమో ఆపైనో ఉండి హార్డ్‌డిస్క్‌తోనే నడుస్తున్నవి ఉన్నవారు ప్రాసెసర్ గురించి ఆలోచించడానికి ముందు ఈ పని చేసి చూడాలని నా గట్టి అభిప్రాయం.

మిగిలినది అసలైన ప్రాసెసర్ వాటా. పూర్ణా మార్కెట్‌లోని ఒక కిరాణా టోకు వ్యాపారి కొనుగోలు జాబితా ఏడాదికి కలిపి చూస్తే దాదాపు 20,000 వరుసలు ఉంటుంది. ప్రతి బిల్లుకూ సరఫరాదారు జీఎస్టీ సంఖ్య, బిల్లు సంఖ్య, తేదీ కలిసేలా అవతలి జాబితా అంతా వెదకాలి. రెండు వైపులా 20,000 చొప్పున ఉంటే అది 40 కోట్ల పోలికల పని. ఎక్సెల్ 2007 నుంచి ఇలాంటి సూత్రాల లెక్కింపును ఉన్న కోర్లన్నింటికీ పంచుతుంది కనుక, ఇందులో కోర్ల సంఖ్యకు విలువ ఉంది. కాని నేను బిల్లు సంఖ్యల్లోని ఖాళీలను, గీతలను తొలగించడానికి రాసుకున్న మ్యాక్రో అలా కాదు. ఎక్సెల్‌లోని వీబీఏ భాషలో రాసిన మ్యాక్రో ఒకే థ్రెడ్ మీద నడుస్తుంది. పక్కన ఐదు కోర్లున్నా పదిహేనున్నా అవి చూస్తూ ఊరుకోవలసిందే. వెబ్ పేజీని నడిపించే జావాస్క్రిప్ట్ కోడ్ కూడా ప్రధానంగా ఒకే థ్రెడ్ మీద నడుస్తుంది. అందుచేత మీట నొక్కగానే స్పందన రావడమన్న, మనిషికి తెలిసే సౌఖ్యం ఎక్కువగా ఒక్క కోరు వేగం మీద ఆధారపడి ఉంటుంది. కోర్ల సంఖ్య మాత్రమే చూసి కొనేవారికి ఇది తెలియాలి.

అంటే నాకు కావలసింది ఒక్క కోరులో వేగం, పొంతన కోసం ఓ మాదిరి కోర్లు, విడిగా డిస్‌ప్లే కార్డు అక్కరలేకుండా లోపలే గ్రాఫిక్స్, విశాఖ ఎండలో నిలకడ. ఈ నాలుగింటితో మధ్యస్థాయి ప్రాసెసర్లను వరుసలో పెట్టాను. నాలుగు కోర్ల ఐ3-12100 కూడా ఒక్క కోరు వేగంలో తీసిపోనిదే; పొంతన పని లేని ఇంటికి అదే సరిపోతుందని నా నమ్మకం. నాకు పోటీలో నిలిచినవి ఇంటెల్ కోర్ ఐ5-12400, ఐ5-14400, ఏఎండీ రైజెన్ 5 5600జి, రైజెన్ 5 7600.

ఐ5-12400 2022 జనవరిలో వచ్చింది: ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, గరిష్ఠంగా 4.4 గిగాహెర్ట్జ్, 18 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ). ఐ5-14400లో అదే ఆరు పెద్ద కోర్లకు తోడు నాలుగు చిన్న కోర్లు ఉన్నాయి, వేగం 4.7 గిగాహెర్ట్జ్ దాకా వెళుతుంది. ఆ నాలుగు చిన్న కోర్లు నా పనుల్లో ఒక్క పొంతనకే ఉపయోగపడతాయి. అది కూడా నెలకు కొన్ని గంటల పని. రైజెన్ 5 7600 2023లో వచ్చిన, ఏఎండీ జెన్ 4 అని పిలిచే తరం ప్రాసెసర్, 5.1 గిగాహెర్ట్జ్ వరకు వెళుతుంది, ఒక్క కోరు వేగంలో ఈ నాలుగింటిలో అదే ముందుంటుంది. అయితే అది కూర్చునే ఏఎం5 సాకెట్ బోర్డుకు డీడీఆర్5 అనే కొత్త తరం మెమరీ తప్పనిసరి కనుక బోర్డు, మెమరీ కలిపిన మొత్తం పెరుగుతుంది. ఏఎం5 సాకెట్‌కు 2027 వరకు, ఆ తరువాత కూడా కొత్త ప్రాసెసర్లు ఇస్తామని ఏఎండీ ప్రకటించింది. 12400 కూర్చునే ఎల్‌జీఏ 1700 సాకెట్ మాత్రం 14వ తరంతో ముగిసింది. మూడేళ్లకొకసారి ప్రాసెసర్ మార్చేవారికి ఇది పెద్ద తేడా. ఒకసారి కొని పదేళ్లు వాడే నాబోటివారు మార్చినప్పుడు బోర్డుతో సహా అన్నీ మారుస్తారు కనుక, వాడని సౌకర్యానికి ముందుగా డబ్బు కట్టడం నాకు అవసరమనిపించలేదు.

ద్వారకానగర్‌లో కంప్యూటర్ దుకాణాలు దగ్గరదగ్గరగా ఉండడం కొనేవారికి మేలు, ఎందుకంటే ఒక్క సాయంత్రంలోనే నాలుగైదు చోట్ల కొటేషన్లు తీసుకోవచ్చు. వాటిని ఇంటికి తెచ్చి పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, ఒకదానిలో ప్రాసెసర్ పేరు చివర ‘ఎఫ్’ అక్షరం కనిపించింది. మరునాడు వెళ్లి అడిగితే కౌంటర్ దగ్గరి అబ్బాయి దాచకుండానే చెప్పాడు.

“ఎఫ్ మోడల్ కొంచెం తక్కువకొస్తుంది మేడమ్. కాకపోతే డిస్‌ప్లే కార్డు వేరే పెట్టుకోవాలి.”

“నాకు ఆటలేమీ లేవు బాబూ. లెక్కల పనే. కార్డు లేకుండా నడిచేదే రాయండి.”

“అయితే మామూలు 12400 తీసుకోండి మేడమ్. మీ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో తెస్తే ఇక్కడే ఒకదాని మీద చూసుకోవచ్చు.”

ఆ పెన్‌డ్రైవ్ మాట నాకు ఎంతో మేలు చేసింది; అది తరువాత చెబుతాను. ముందు ఆ అక్షరాల సంగతి. ఇంటెల్ పేర్లలో ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండవని, కె ఉంటే వేగాన్ని పెంచుకునే వీలుంటుందని, టి ఉంటే తక్కువ విద్యుత్తుతో నడిచేదని, ఏఎండీ పేర్లలో జి ఉంటే బలమైన గ్రాఫిక్స్ లోపలే ఉంటాయని కొనేవారు ముందే తెలుసుకుని వెళ్లాలి. కొటేషన్ కాగితం మీద ఒక్క అక్షరమే అయినా, దాని వల్ల యంత్రం ఇంటికి వచ్చాక తెర వెలగకపోవచ్చు. రైజెన్ 5 5600 అన్న జి లేని ప్రాసెసర్ విషయంలోనూ అంతే: దానిలో గ్రాఫిక్స్ లేవు.

వ్యాపారుల పేర్లు, సంఖ్యలు మార్చి తయారుచేసిన పొంతన ఫైలును, మ్యాక్రో ఫైలును, ఒక పెద్ద స్కాన్ పీడీఎఫ్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని వెళ్లాను. దుకాణంలో అమర్చి ఉంచిన 12400 యంత్రం మీద ఆ మూడింటినీ, పాత ఐ3 మీద వాడిన ఎక్సెల్ వెర్షన్‌లోనే నడిపాను. ఎస్‌ఎస్‌డీ వేశాక కూడా ఐ3 మీద కొన్ని నిమిషాలు పట్టే పొంతన ఇక్కడ సుమారు ఆరో వంతు సమయంలో పూర్తయింది. మ్యాక్రో మాత్రం సగం కంటే కొంచెం తక్కువకు దిగింది. ఈ రెండు అంకెలు పక్కపక్కన చూసినప్పుడు ప్రాసెసర్ గురించి చదివినదంతా కళ్లకు కట్టినట్లయింది. ఒక్క కోరు వేగం రెండింతలకు పైగా పెరిగింది. కోర్లు రెండు నుంచి ఆరయ్యాయి. పంచుకోగల పనికి ఆ రెండూ గుణించుకుని లాభం వచ్చింది, పంచుకోలేని పనికి మొదటిదే దక్కింది. వెబ్ పేజీల కోసం స్పీడోమీటర్ 3 అనే బ్రౌజర్ పరీక్షను నడిపితే అక్కడా మ్యాక్రోలాగే రెండింతలకు కాస్త పైన తేలింది.

రైజెన్ 5 5600జిని కొనకుండానే నాకు చూసే అవకాశం దొరికింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ చదువుతున్న మా అక్క కొడుకు దగ్గర అదే ఉంది. “పిన్నీ, రెండు రోజులు నీ దగ్గరే ఉంచుకో, కాని నా గేములు మాత్రం చెరపకు” అంటూ గాజువాక నుంచి క్యాబినెట్‌ను ఆటోలో తెచ్చి ఇచ్చాడు. ఇది 2021 ఆగస్టులో దుకాణాలకు వచ్చిన జెన్ 3 ప్రాసెసర్: ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, 4.4 గిగాహెర్ట్జ్. అంకెల్లో 12400కు సరిసమానంగా కనిపిస్తుంది, కాని మ్యాక్రోలో అది పదో వంతుకు పైగా వెనకబడింది. ఒకే గిగాహెర్ట్జ్ దగ్గర కూడా ఒక్కో తరం కోరు ఒక్కో క్షణంలో చేసే పని వేరు కనుక, గిగాహెర్ట్జ్‌లను రెండు కంపెనీల మధ్య, రెండు తరాల మధ్య పోల్చడం వల్ల ప్రయోజనం లేదు. ప్రాసెసర్ సామర్థ్యాన్ని పాయింట్లలో కొలిచే సినీబెంచ్ ఆర్23 పరీక్షలో కూడా ఇదే క్రమం వచ్చింది: అన్ని కోర్లతో 12400 సుమారు 12,000 పాయింట్ల దగ్గర, 5600జి దానికి కాస్త దిగువన నిలిచాయి.

గ్రాఫిక్స్‌లో తీర్పు తిరగబడుతుంది. 5600జిలోని వేగా గ్రాఫిక్స్ 12400లోని యూహెచ్‌డీ 730 కంటే చాలా బలమైనవి. ఇంట్లో చిన్న చిన్న ఆటలు ఆడే పిల్లలుంటే నేను సందేహించకుండా దాన్నే సూచిస్తాను. కాని మా ఇంట్లో గ్రాఫిక్స్ పని అంటే వీడియో పాఠాలే. యూట్యూబ్ వీడియోలు ఇప్పుడు ఏవీ1 అనే పద్ధతిలో కూడా వస్తున్నాయి. యూహెచ్‌డీ 730 దాన్ని తనలోని ప్రత్యేక భాగంతో విప్పుతుంది. 5600జికి ఆ భాగం లేదు కనుక కోర్లే ఆ పని చేయాలి. ఆరు కోర్లకు అది భారం కాదు, వీడియో ఎక్కడా ఆగలేదు. అయినా పాఠం నడుస్తున్నంతసేపూ ఫ్యాను కొంచెం పైస్థాయిలో తిరగడం రాత్రి నిశ్శబ్దంలో వినిపించింది. పాత ఐ3 అయితే అంతకు ముందరి వీపీ9 పద్ధతి వీడియోలను కూడా కోర్లతోనే విప్పేది. వీడియో సమావేశం నడుస్తుండగా పక్కన ట్యాలీ తెరవడం దానికి కష్టమయ్యేది.

ఈ పోలికలన్నీ చేసి మామూలు 12400నే కొన్నాను. డీడీఆర్4 బోర్డు, ఎనిమిది జీబీ ర్యామ్‌లు రెండు, నేరుగా బోర్డుకు తగిలే ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, ప్రాసెసర్ డబ్బాలో వచ్చే ఫ్యాను. 16 జీబీని ఒకే ర్యామ్‌గా కాక రెండుగా తీసుకోవడానికి కారణముంది. డీడీఆర్4-3200 మెమరీ ఒక్క ఛానల్‌లో (ప్రాసెసర్‌కు వెళ్లే ఒక దారిలో) సెకనుకు 25.6 జీబీ దాకా, రెండు ఛానళ్లలో 51.2 జీబీ దాకా సమాచారాన్ని అందించగలదు. విడిగా కార్డు లేనప్పుడు తెర మీది బొమ్మ కూడా ఈ దారినే పంచుకుంటుంది.

తరువాతిది మన ఊరికి ప్రత్యేకమైన పరీక్ష. ప్రాసెసర్ల పరీక్షలు ఎక్కువగా చల్లని గదుల్లో జరుగుతాయి. దుకాణంలో నేను చూసినది కూడా ఏసీ గదిలోనే. నా పని గదిలో ఏసీ లేదు. మే నెల మధ్యాహ్నం గోడ మీది థర్మామీటరు 34 డిగ్రీలు చూపుతుంది, ఉక్కపోత దానికి అదనం. ఫ్యాను ఎంత బాగా తిరిగినా గదిలోని గాలి కంటే చల్లగా ప్రాసెసర్‌ను ఉంచలేదు. దాని చేతనయ్యేది, గది ఉష్ణోగ్రతకు పైన ఎన్ని డిగ్రీల దగ్గర నిలపగలదో అంతే. అందువల్ల దుకాణంలో 25 డిగ్రీల గదిలో చూసిన అంకెకు మా గదిలో తొమ్మిది పది డిగ్రీలు కలుపుకోవాలని ముందే అనుకున్నాను. అలాగే జరిగింది. సినీబెంచ్‌ను పది నిమిషాల పాటు ఆపకుండా నడిపినప్పుడు దుకాణంలో 70కి దిగువన ఉన్న ఉష్ణోగ్రత మా గదిలో 80కి చేరువైంది. 12400 తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకునే హద్దు 100 డిగ్రీలు కనుక ఇంకా వెసులుబాటు ఉంది. పరీక్ష ఆసాంతం అన్ని కోర్లూ 4 గిగాహెర్ట్జ్ దరిదాపుల్లోనే ఉన్నాయి.

ఇక్కడ విద్యుత్తు అంకెల గురించి ఒక మాట. డబ్బా మీద 65 వాట్లు అని ఉంటుంది, ఇంటెల్ వివరాల్లో గరిష్ఠం 117 వాట్లు అని కూడా ఉంటుంది. మొదటిది నిలకడగా సాగే పనికి నిర్ణయించిన మూలస్థాయి, రెండోది కొద్దిసేపటి ఉరుకుకు ఇచ్చే అనుమతి. ఏ బోర్డు ఏ అంకెను ఎంతసేపు అనుమతిస్తుందో బయాస్‌లో (విండోస్ తెరుచుకోకముందు వచ్చే బోర్డు సెట్టింగులలో) చూసుకోవాలి. 12400 సినీబెంచ్‌లో 70, 80 వాట్ల మధ్యే ఆగిపోయింది కనుక నాకు చిక్కు రాలేదు. 148 వాట్ల దాకా అనుమతి ఉన్న 14400ను ఇదే చిన్న ఫ్యానుతో ఇదే గదిలో ఉంచితే మాత్రం విడిగా మంచి కూలర్ కొనవలసి వచ్చేదేమోనని నా అంచనా.

రోజువారీ పనిలో ఈ అంకెలు ఎక్కడా కనపడవు. ట్యాలీ, ఎక్సెల్, బ్రౌజర్ తెరిచి ఉన్నప్పుడు ప్రాసెసర్ 45, 55 డిగ్రీల మధ్య తిరుగుతుంది. అయితే కొత్త ట్యాబు తెరిచిన ప్రతిసారీ కోరు ఒక్క క్షణం పూర్తి వేగానికి ఎగిసి, ఉష్ణోగ్రత పది పదిహేను డిగ్రీలు లేచి వెంటనే దిగుతుంది. ఆ క్షణికమైన ఎగుడుకు ఫ్యాను కూడా లేచి పడుతూ ఉంటే చెవికి చికాకు. బయాస్‌లో ఫ్యాను వేగం మారడానికి కొన్ని సెకన్ల వ్యవధి పెట్టి, 60 డిగ్రీల దాకా ఒకే నెమ్మది వేగం ఉంచాక ఆ చప్పుడు పోయింది. ఇది డబ్బు ఖర్చు లేని మార్పు. కొత్త కూలర్ కొనాలనుకునేవారు ముందు దీన్ని చేసి చూడాలి.

సముద్రానికి దగ్గర్లో ఉండేవారు గాలిలోని తేమను, ఉప్పును కూడా లెక్కలోకి తీసుకోవాలి. తడి గాలిలో దుమ్ము పొడిగా ఉండదు, ప్రాసెసర్ వేడిని గాలికి వదిలే హీట్‌సింక్ రెక్కల మధ్య అట్టలా పట్టేస్తుంది, ఊదితే ఊడిరాదు. పాత యంత్రంలో ఆ పొరను తొలగించి, ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ నడుమ పూసే, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ మార్చినప్పుడు దాని ఉష్ణోగ్రత ఎంత దిగిందో చూసిన అనుభవంతో, ఈసారి ముందువైపు తీసి కడగగల వల ఉన్న క్యాబినెట్‌నే అడిగి తీసుకున్నాను. వర్షాకాలంలో రోజూ కాసేపైనా యంత్రాన్ని నడపడం కూడా మంచిది. లోపలి వెచ్చదనానికి తేమ నిలవదు.

వేసవి కోతలకు యూపీఎస్ తప్పదు. ప్లగ్గు దగ్గర పెట్టే వాట్ మీటరుతో చూస్తే, తెర కాకుండా యంత్రం ఊరికే ఉన్నప్పుడు తీసుకునేది 30 వాట్ల పైచిలుకు. పదేళ్ల నాటి ఐ3 కూడా దాదాపు ఇంతే తీసుకునేది. పూర్తి భారం మీద కొత్తది నూరు వాట్లను దాటుతుంది కాని, పని తొందరగా ముగించి మళ్లీ దిగిపోతుంది. కనుక పాత 600 వీఏ యూపీఎస్ బరువు మోయగలదు. కరెంటు పోయిన క్షణంలో కొత్త ఎస్‌ఎంపీఎస్ (యంత్రంలోని కరెంటు సరఫరా పెట్టె) దాని మీద నిలబడుతుందా అన్నదే సందేహం, ఎందుకంటే యాక్టివ్ పీఎఫ్‌సీ అనే సర్దుబాటు ఉన్న సరఫరా పెట్టెలు కొన్ని చౌక యూపీఎస్‌లు ఇచ్చే మెట్లమెట్ల తరంగానికి ఆగిపోతాయి. దుకాణం అబ్బాయిని అడిగి, యూపీఎస్‌ను అక్కడికే తీసుకెళ్లి, ఎక్సెల్ తెరిచి ఉంచి ప్లగ్గు తీయించి చూసుకున్నాకే డబ్బు కట్టాను.

ఆ నెల 2బీ వచ్చాక పూర్ణా మార్కెట్ వ్యాపారి పొంతనను కొత్త యంత్రం మీద మొదటిసారి నిజమైన లెక్కలతో చేశాను. ఇదివరకు ఒక సరఫరాదారు బిల్లు సంఖ్య సరిచేస్తే మళ్లీ లెక్క వచ్చేదాకా ఆగాలి కనుక, తప్పులన్నీ ఒకచోట కూర్చుకుని చివరలో ఒకేసారి సరిచేసేదాన్ని. ఇప్పుడు ఒక్కొక్కటి సరిచేసిన వెంటనే జాబితా మారుతుంది. ఏ సవరణ ఏ బిల్లును కలిపిందో కళ్ల ముందే తెలుస్తుంది, ఒక బిల్లు రెండుసార్లు నమోదైతే అక్కడికక్కడే బయటపడుతుంది. నేను పని చేసే పద్ధతిని మార్చిన వేగం ఇదొక్కటే. మిగిలినవి హాయినిచ్చాయి, అంతే. 20వ తేదీ సాయంత్రం పోర్టల్ మాత్రం ఎప్పటిలాగే నెమ్మదిగా నడిచింది.

క్యాబినెట్ తీసుకెళ్లడానికి వచ్చిన మా అక్క కొడుకు, అంకెలు రాసిన పుస్తకం తిరగేసి, తాను కూడా 5600జిని తీసేసి వేరేది వేసుకోవాలా అని అడిగాడు. అక్కర్లేదనే చెప్పాను. వాడి చదువుకు, ఆటలకు ఆ పదో వంతు తేడా ఏమాత్రం తెలియదు. పైగా 12400కు మారాలంటే ప్రాసెసర్‌తో పాటు బోర్డు కూడా మార్చాలి. కాని మూత తీసి చూస్తే దానిలో 16 జీబీ ఒకే ర్యామ్‌గా ఉంది, పక్క స్లాటు ఖాళీగా ఉంది. వేగా గ్రాఫిక్స్ సగం దారితోనే నెట్టుకొస్తున్నాయన్నమాట. అదే వేగం గల రెండో ర్యామ్ కొనుక్కోమని వాడికి చీటీ రాసి ఇచ్చాను.